నాలుగో క్లెయిమ్

గుణుపురం స్టేషన్లో దిగేసరికి నా సంచిలో ఏడు పాత పత్రాలు,
ఏడు దేశాల్లో ఎవరెవరో నీటికి వేసిన ముక్కుతాళ్ళు.
కూర్మాచారి స్కూటర్ మీద వచ్చాడు,
చొక్కా జేబులో ఇత్తడి ముక్క, తమలపాకులో చుట్టి.

కొట్లో బల్ల మీద విప్పి పరిచాడు:
ఇత్తడి ఒళ్ళు, సైకిల్ ట్యూబు పొర,
బాల్‌పెన్ను స్ప్రింగు, చింతగింజంత శంకువు.
నీరు తోసుకొస్తే శంకువు వెనక్కి జరిగి దారి ఇరుకు చేస్తుంది,
నీరు నీరసిస్తే ముందుకొచ్చి దారి ఇస్తుంది.
"కోపిష్టి మొగుడి కాడ పెళ్ళాం లాగన్నమాట" అని నవ్వాడు.
నేను నవ్వలేదు.
రాసుకోలేదు కూడా.

చట్టం అడిగేవి మూడు.
కొత్తదేనా, పని తెలిసినవాడికి ఇట్టే తట్టేదా, పనికొస్తుందా.
మూడోది బల్ల దగ్గరే ఒప్పుకున్నాను.

క్లెయిమ్ అంటే ఒకే ఒక్క వాక్యం,
ఎంత పొడుగైనా మధ్యలో ఊపిరి తీసుకోకూడదు.
ఆయన మొదటి వాక్యం నా మూడో పత్రంలో ఉంది,
నేను పుట్టకముందే, చదవడం రాని భాషలో, బొమ్మతో సహా.
రెండోది ఐదో పత్రంలో.
మూడోది ఏ ప్లంబరుకైనా తడుతుంది.
ఒక్కొక్కటే కొట్టేస్తూ
ఆయన మొహం వైపు కాక పెన్సిల్ ములుకు వైపు చూశాను.

నాలుగు దగ్గర ఆగింది పెన్సిల్.
శంకువు చెంపన గోటిగాటంత గాడి.
అంతా మూసుకున్నప్పుడూ అందులోంచి దారప్పోగంత ధార,
అడుగున పేరే ఒండ్రుని కడిగేస్తూ.
ఇది ఏడింటిలో ఎక్కడా లేదు.
"ఎలా తట్టింది?"
"ఆకురాయి జారిందండి" అన్నాడు, స్ప్రింగు వైపు చూస్తూ.
జారిన చెయ్యి ఆవిష్కర్త అవుతుందా? అవుతుంది. అవ్వచ్చు.

"ఎక్కడైనా బిగించారా?"
"కొండ మీద సవరలూర్లోనండి. తొమ్మిది కుళాయిలు. రెండేళ్ళయింది.
ఎవులికీ సెప్పలేదు, ఊరికే బిగించానంతే."
ఊరికే అన్న మాట దగ్గర
నా ఫైలు సగం మూసుకుపోయింది.

తొలేసింగికి నడిచి ఎక్కాలి.
మెట్టు మెట్టుగా రాతిగట్ల మళ్ళు, వాటి అంచునే గొట్టం.
ఊటకి దగ్గరగా ఉన్న ఇంట్లో బిందె నిండడానికి
ఫోను నలభై రెండు సెకన్లు చూపింది.
ఎక్కడో దిగువన, చివరి ఇంట్లో,
నలభై రెండు.
సుక్కరి తన భాషలో వేళ్ళ మీద లెక్కపెట్టింది,
అంకె నాకు తెలియలేదు గానీ మేమిద్దరం ఒకేసారి ఆగాం.

"దీన్ని విప్పుతారా ఎప్పుడైనా?"
గరిటె కాడతో పటుక్కున విప్పింది, పప్పుగిన్నె మూత తీసినట్టు.
వారం వారం విప్పుతుందట, కడుగుతుందట.
విప్పి చూడగలిగితే లోకానికి తెలిసినట్టే
అని రాసి ఉంటుంది మా పుస్తకాల్లో.

లోపల శంకువుకి గాడి ఉంది.
ఆకురాయి గీత కాదు. వంకర, లోతు తక్కువ,
రాయితో గీకిన గీత.

"వానకి మట్టి పట్టేసి సచ్చిపోయింది కుళాయి" అంది సుక్కరి.
"అప్పుడు గీకాను. అతను బాగుచెయ్యడానికొచ్చి చూసి, ఊ అన్నాడు."
కూర్మాచారి గొట్టం జాయింటు తుడుస్తున్నాడు.
తుడిచినచోటే తుడుస్తున్నాడు.

నిజమైన తొలి ఆవిష్కర్త పేరు
అని ఒక గడి ఉంటుంది దరఖాస్తులో.
సుక్కరికి చదివి చెప్పాను.
కాసేపు నీటి వైపు చూసింది.
"ఆపింది అతను. వదిలింది నేను.
రెండూ పట్టేంత ఉందా ఆ గడి?"

దిగేటప్పుడు చీకటి పడింది.
పేటెంట్ రాదని మలుపులో చెప్పాను, ఇద్దరి పేరునా రాదని.
చాలా దూరం మాట్లాడలేదు.
కిందకొచ్చాక అడిగాడు:
"గాడి ఏ పక్కన ఉంటే మంచిదండీ? ఆమె ఎడమన గీకింది,
నేను కుడిన పెట్టాను."
నాకు తెలియదన్నాను.
"ఆమెనే అడగాలి" అనుకుంటూ స్కూటర్ కిక్ కొట్టాడు,
మూడోసారికి అందుకుంది.