రేవు పేరు

రాత్రి రెండున్నరకి పాత డిస్కు చివరిసారి గీరుకుంది.
నాలుగింటికల్లా కొత్తది బిగించి
హైపర్‌వైజర్‌ని మళ్ళీ మొదట్నుంచీ ఎక్కించి
మూడు యంత్రాలనీ బ్యాకప్‌లోంచి లేపాను.
లేచాయి.
మూడూ పచ్చగా వెలిగాయి.
ఒక్కటీ పలకలేదు.

క్లాక్స్‌విక్‌లో ఫిబ్రవరి చీకటి
ఎనిమిదైనా జరగదు.
కిటికీ అవతల వాన పక్కకి కురుస్తోంది.
మా దీవుల్లో అది పైనుంచి పడటం తక్కువ.
కింద హాల్లో హ్యాల్‌గ్రిమ్
కాడ్ చేపల పెట్టెలు దింపిస్తూ
గంటకోసారి మెట్లెక్కి వచ్చి
తలుపుకి భుజం ఆనించి నిలబడి
ఏమీ అడక్కుండా దిగిపోతాడు.
అడిగినా బాగుండేది.

ఒకే ఇనప్పెట్టెలో మూడు కాపురాలు:
వేలం ధరలు పలికేది ఒకటి
కూలీల హాజరు పట్టేది ఒకటి
చలిగది ఎంత చల్లగా ఉందో రాసిపెట్టేది ఒకటి.
వేలందాన్ని, ముందు నిన్ను నువ్వే పిలుచుకో అన్నాను.
నూట ఇరవై ఏడు, సున్నా, సున్నా, ఒకటి.
ఠక్కున పలికింది.
ఇప్పుడు గేట్‌వేని పిలువు అన్నాను.
గడువు దాటింది.
గడువు దాటింది.
గడువు దాటింది.

చిరునామా చూస్తే
నూట అరవై తొమ్మిది, రెండొందల యాభై నాలుగు...
అడిగి అడిగి ఎవరూ ఇవ్వకపోతే
తనకి తనే పెట్టుకునే నంబరది.
దాని పేరున ఏ ఉత్తరమూ రాదు.

కేబుల్ పీకి మళ్ళీ గుచ్చాను.
రెండో పోర్టులోకి మార్చాను.
ఫైర్‌వాల్ ఆపాను, కోపంగా.
మొక్కుబడికి రీస్టార్ట్ చేశాను, రెండుసార్లు.
స్విచ్ మీద నారింజ దీపం
నన్ను చూసి కన్నుకొట్టడం మానలేదు.
తుమ్మాస్‌కి ఫోన్ చేశాను.
ఇదంతా కట్టి, నాకప్పగించి, పడవలకి రంగులేసుకుంటున్నాడు.
ఎత్తలేదు.
అయిదుంబావుకి ఎవరెత్తుతారు?

ఆరు దాటాక టీ కప్పు కోసం
అల్మరా తెరిస్తే
తలుపు లోపల ఒక చీటీ,
అంచులు లేచి, చేప వాసనతో.
తుమ్మాస్ రాత:
వర్చువల్ స్విచ్ – హౌనిన్.

నేను పెట్టిన పేరు హౌన్.

హౌన్ అంటే రేవు.
హౌనిన్ అంటే ఆ రేవు.
మా మాటల తోకకి తగిలించే
ఆ చిన్న ఇన్,
మనకి తెలిసినది, మనమెప్పుడూ అనుకునేది,
వేరేది కాదు అని.
యంత్రాలు రాత్రంతా ఆ రేవు కోసం చూస్తుంటే
నేను ఏదో ఒక రేవు కట్టి
దిగరేం, దిగరేం అని తిట్టాను.
చంకలో పిల్లనెత్తుకుని ఊరంతా వెతికినదాన్ని
నేనే.

పేరు దిద్దాను.
వేలం యంత్రం పలికింది.
హాజరు యంత్రం పలికింది.
చలిగది యంత్రం మాత్రం మొండికేసింది.
దానికి కొత్త నెట్‌వర్క్ కార్డు దొరికింది.
అయినా పాత కార్డు ఇంకా వస్తుందని
మొదటి కుర్చీ ఖాళీగా ఉంచి
కొత్తదాన్ని రెండో కుర్చీలో కూర్చోబెట్టింది.
ఫైలు తెరిచాను.
పాత కార్డు నంబరున్న వరస మీద
కర్సర్ కాసేపు ఆడింది.
చెరిపేశాను.

మైనస్ ఇరవై ఒకటి, అని రాసింది యంత్రం.
తర్వాతి వరసలో, మైనస్ ఇరవై ఒకటి పాయింట్ రెండు.
రాత్రి రెండున్నర నుంచి దాకా ఉన్న ఖాళీ
అలాగే ఉండిపోయింది.
ఆడిటర్ అడుగుతాడు. అప్పుడు చూద్దాం.

హ్యాల్‌గ్రిమ్ ఈసారి మెట్ల మధ్యలోనే ఆగాడు.
కింద బోర్డు మీద కాడ్ ధర కదిలింది.
విని, వెనక్కి తిరిగాడు.

ఏడింటికి తుమ్మాస్ ఫోన్.
వెనకాల గాలి, ఎవరో సుత్తితో కొడుతున్న చప్పుడు.
ఏమైంది రన్వా, అన్నాడు.
ఇన్, అన్నాను.
కాసేపు మాట లేదు.
తర్వాత నవ్వాడు, దగ్గు వచ్చేదాకా.

చీటీ ఊడిపోతోంది.
కొత్త టేపు వేశాను.
నా అక్షరాలతో తిరిగి రాయలేదు.