ఫారం నంబరు పద్నాలుగు

రాజోలు కాలవ గట్టు మీది కాలేజీలో
పరిశోధనలకి బీమా కావాలన్నారని
కంపెనీ నన్ను పంపింది,
ఒక గొడుగు, ఒక స్టాంపు, ఒక ఫారం ఇచ్చి.
ఫారంలో మూడే ప్రశ్నలు, తాతలనాటి తెలుగులో:
పేలునా? కరచునా? పొరుగువారికి పాకునా?

రసాయనశాస్త్రం గదిలో యాళ్ల నూకరాజు గారు
సీసాలో పులస వాసన పట్టి ఉంచారు.
చేప లేదు, ముల్లు లేదు, వాసన ఒక్కటే.
"చుక్క చాలండి, చప్పిడి పప్పు కూడా పులుసైపోద్ది"
అంటూ బిరడా కాస్త వదులు చేశారు.
కాలవ అవతల మూడిళ్లలో
బీరువాలు తెరిచిన చప్పుడు.
ఒకావిడ గబుక్కున మెడ తడుముకుంది.
రాసుకున్నాను: పేలదు. పాకును. బంగారం జాగ్రత్త.

భౌతికశాస్త్రంలో జిలానీ మాస్టారు
రాపిడి లేని నూనె తీశారు.
సఖినేటిపల్లి రేవులో నాలుగు చుక్కలొలికితే
మెట్టు మీద బీడీ ముట్టించుకుంటున్న పంటు గుమాస్తా
బీడీ ఆరేలోగా నర్సాపురం గట్టెక్కాడట,
టిక్కెట్టు లేకుండా.
"మరి తిరిగెలా వచ్చాడండీ?"
"ఆగితే కదండీ రావడం.
మొన్న మొగల్తూరులో ఎవరో చూశారట."

జంతుశాస్త్రం వెనకాల చెరువు.
పులిదిండి ప్రభుదాసు రొయ్యకి తెలివి పెంచాడు.
మేతేస్తే తిన్నాయి, మందేస్తే మింగాయి,
వంద కౌంటు దగ్గర, అన్నీ కూడబలుక్కుని,
ఎదగడం మానేశాయి.
ఎదిగితే పట్టేస్తారని ఎవరు చెప్పారో!
ఏరియేటరు ఆగిందా,
మీసాలన్నీ కరెంటాఫీసు వైపు తిప్పి నిలబడతాయి.
ఇప్పుడు నా వైపు తిప్పాయి.
ప్రీమియం అక్కడికక్కడే రెండింతలు చేశాను.

లెక్కల గదిలో ఏమీ లేదు.
ఒక సుద్దముక్క, ఒక మనిషి.
తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, ఏం చేస్తున్నారండీ అన్నాను.
"ఏటేటా గోదారి కోసుకుపోయే లంక పొలంలో
అన్నదమ్ములెవరి వాటా ఎంతో తేల్చే సూత్రమండి.
ఒక్క వరస మిగిలింది."
సుద్ద లాక్కుని జేబులో వేసుకున్నాను.
ఇంకా నా దగ్గరే ఉంది.

చివరి గది సైకిళ్ల షెడ్డు పక్కన.
కడలి సత్యవేణి, భాషాశాస్త్రం.
మంట లేదు, మూత లేదు, మీసం లేదు.
టేపు రికార్డరొకటి, పదకొండు నోటుపుస్తకాలు.
ఫారం మడిచేసి, కుర్చీ లాక్కుని, మంచినీళ్లడిగాను.
"ఆయ్ మీదండి నా పని" అందావిడ.

"పద్దెనిమిది రకాలు తేలాయండి ఇప్పటికి.
విన్నాననే ఆయ్. విన్లేదనే ఆయ్.
మీరు పెద్దోరు కాబట్టి ఊరుకున్నాననే ఆయ్.
'భోంచేసి వెళ్లండి' వెనకాల వచ్చేదొకటుంది,
బియ్యం నిండుకున్నాయని దానర్థం.
ఇహ పదమూడోది.
'వచ్చే పంటకి ఇచ్చేస్తానండి, ఆయ్.'
కాస్త ముక్కులోంచి వస్తది,
చివర్న వీసమెత్తు తేలిపోద్ది. వినండి."
మీట నొక్కింది.
ఆ గొంతు మా బావది.

ఫ్యాను కింద కూర్చునే చెమట పట్టింది నాకు.
ఈ పుస్తకం అచ్చయితే
చీటీపాటలేమవ్వాలి? ఎరువుల కొట్టు అరువు ఖాతాలు?
వియ్యంకుల మర్యాదలు? ప్రెసిడెంటు గారి మెజారిటీ?
ఒండ్రెంత మెత్తనో ఆ మాటా అంతే మెత్తన,
ఈ పాయల మధ్య ఇళ్లన్నీ
రెంటి మీదా కలిపి కట్టుకున్నవే.
పేలునా? దగ్గర
ఆ రోజుకి మొదటిసారి, అవును అని రాశాను.
కరచునా? అవును. పాకునా?
తాళ్లరేవు దాకా.

గుమ్మం వరకూ వచ్చి అడిగిందావిడ:
"మా శాఖకి పాలసీ ఇప్పిస్తారాండీ?"
గొడుగు విప్పుకుంటూ అన్నాను,
"ఎంత మాటండీ, వచ్చే వారమే. ఆయ్."

ఆవిడ పెన్ను మూత తీసి
పదమూడు కింద
ఇంకో గీత గీసుకుంది.