పదిహేడో నంబరు సీసా

యార్డులో తేజ రకం టిక్కీలు విప్పితే
దారినపోయే ఆటోవాడికి కూడా కళ్ళు కారతాయి.
మస్తాన్‌బీకి కారవు.
ఇరవై రెండేళ్ళుగా తొడిమలు తీస్తోంది,
రెప్ప వేస్తే చాలు, ఇసుక రాపిడి.

కింది రెప్పకి కాగితపు పీలిక తగిలించి
అయిదు నిమిషాలు లెక్కపెట్టాను.
మూడు మిల్లీమీటర్లు తడిసింది.
"పాసయ్యానా మేడమ్?" అంది.

కన్ను తనని తాను కాపాడుకోబోయి
చచ్చిన కణాల పోగులతో
తన మీదే వల నేసుకుంటుంది.
ఆ పోగుల్ని తెంపే ఎంజైమ్
విజయవాడలో మా ల్యాబులో నాలుగేళ్ళకి తయారైంది.
మహా సుకుమారం,
ఎండ తగిలితే పాలలా విరిగిపోతుంది.
మే నెలలో, వారధి మీద, ట్రాఫిక్ కదలని మధ్యాహ్నం
ఐసుపెట్టెని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను,
జ్వరం పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్తున్నట్టు.

సగం సీసాల్లో మందు. సగంలో ఉత్త ఉప్పునీళ్ళు.
ఏది ఏదో నాకూ తెలియకూడదు.

మస్తాన్‌బీకి ఫ్రిజ్ లేదు.
మంచినీళ్ళ కుండ కింద తడి ఇసుకలో
గుంట చేసి పెట్టింది పదిహేడో నంబరుని,
పిల్లి తన్నకుండా పైన చిల్లుల గిన్నె.
ఆ ఇసుక ఎంత చల్లనో
నా ఫారంలో రాసే గడి లేదు.

ఆరో వారం పీలిక ఏడు దగ్గర ఆగింది.
"నిన్న ఉల్లిపాయ కోస్తే నీళ్ళొచ్చాయి మేడమ్,
మా ఆయన కంగారుపడ్డాడు."
నవ్వి, వెంటనే ఆపేసి,
"నాకిచ్చింది మందేనా? నీళ్ళా?"

తెలియదన్నాను.
నిజమే చెప్పాను.
అయినా ఆమె అలా చూస్తుంటే
ముందు రెప్ప వేసింది నేనే.