మందు కన్నా పొట్టి పగలు

డిసెంబరులో ఔలు పట్టణానికి ఎండ నాలుగు గంటలు.
మా ఒట్సో మాత్రకి పన్నెండు.
సూర్యుడు వచ్చి, చూసి, వెళ్ళిపోయాక కూడా
మావాడి కడుపులో ఇంకా పగలే.

పొద్దున్న ఆరుంబావుకి
కాగితం మిల్లులో రాత్రి డ్యూటీ దిగి తనేలి వస్తాడు.
బూట్ల మంచు గుమ్మంలో దులిపి, చేతులు కడుక్కుని,
పిల్లాణ్ణి సగం లేపి కూర్చోబెడతాడు.
నమలకూడదు. చిదమకూడదు. విరవకూడదు.
మింగడం నేర్పడానికి అక్టోబరంతా పట్టింది.
గడ్డకట్టిన లింగన్ పళ్ళు, ముందు చిన్నవి, తర్వాత పెద్దవి,
గుటకకో నాణెం.
నాకు పదకొండు యూరోలు వదిలాయి.
తనేలికి ఇంకా ఎక్కువే, లంచాల దగ్గర ఆయన చెయ్యి పెద్దది.

ఫ్రిజ్ మీద క్యాలెండరు. మాత్ర వేసినవాళ్ళు గీత గీయాలి.
ఒక మంగళవారం గీత లేదు.
వేశానంటాడు తనేలి. వేశాననుకుంటున్నానంటాడు.
నిన్నటి చీకటీ ఇవాళ్టి చీకటీ ఒక్కలాగే ఉన్నాయంటాడు.
డబ్బా బల్ల మీద బోర్లించి లెక్కపెట్టాం.
పదిహేడు. మళ్ళీ పెట్టాం. పదిహేడే.
ఉండాల్సింది పదహారో పదిహేడో
ఇద్దరిలో ఎవరికీ తెలీదు.
రెండు పడటం కన్నా ఒకటి తప్పడం నయమనుకుని
అలాగే బడికి పంపాం.
పదింటికి హెల్వి టీచర్ ఫోను.
కిటికీ ఎక్కాడట. పడలేదట.
మంచు రాలేటప్పుడు ఏం చప్పుడు చేస్తుందో వినాలని ఎక్కాడట.
ఫోను పెట్టేశాక ముందు నవ్వాను, తర్వాత వణికాను.
ఆ వరస ఎవరికీ చెప్పలేదు.

ఒకసారి టాయిలెట్‌లోంచి కేక:
"అమ్మా, మాత్ర బయటికొచ్చేసింది! పనిచెయ్యలేదు!"
చూస్తే అదే, చెక్కు చెదరలేదు.
అది ఉత్త పెంకనీ, సరుకంతా లోపలే దిగిపోతుందనీ
డాక్టర్ కౌప్పినెన్ ముందే చెప్పింది.
అదే చెప్పాను.
ఒట్సో వంగి చాలాసేపు చూశాడు.
"మరి బయటికి ఎందుకు రావడం, లోపల ఎవరూ లేకుండా?"
నేను నీళ్ళు వదిలాను.

సాయంత్రం ఆరు దాటితే మందు దిగే వేళ.
సాక్సు కుట్టు వేలికి తగిలిందని ఏడుపు.
పెన్సిలు తనవైపు చూస్తోందని ఏడుపు.
నువ్వసలు మా అమ్మవే కాదంటాడు.
ఆ గంటలో ఎదురు మాట్లాడం.
చలిమంట దగ్గర కూర్చున్నట్టు కూర్చుంటాం,
దగ్గరగానే, చెయ్యి పెట్టకుండా.

బళ్ళో బఠాణీ సూపు ముట్టుకోనివాడికి
ఆకలి రాత్రి ఎనిమిదిన్నరకి వస్తుంది,
ఆలస్యమైన చుట్టంలా, బూట్లైనా విప్పకుండా.
రై రొట్టె, గంజి, ఉప్పు చేప, మళ్ళీ రొట్టె.
తలుపు చెక్క మీద వాడి ఎత్తు గీతలు,
ఏప్రిల్‌కీ నవంబరుకీ మధ్య వేలెడు సందు లేదు.
గీసేటప్పుడు తనేలి పెన్సిలు కాస్త పైకెత్తుతాడు.
నేను రొట్టెకి వెన్న రాస్తూ ఉంటాను.

"ఈ రోజు బంగారం" అని హెల్వి నోటు పంపింది.
ఎవర్ని మెచ్చుకున్నట్టు, వాణ్ణా, మాత్రనా, అన్నాను.
"సంతకం పెట్టి నన్ను పడుకోనీ," అన్నాడు తనేలి.
పెట్టాను.

వాణ్ణే అడిగాను ఒక ఆదివారం, లోపల ఎలా ఉంటుందిరా అని.
"మందున్నప్పుడు నీ మాట చివరిదాకా వినిపిస్తుంది."
లేనప్పుడు?
"మొదలు వినిపిస్తుంది. మిగతాది నేనే పెట్టుకుంటాను."

అప్పట్నుంచీ
తిట్టే మాటైనా సరే, వాడి పేరుతో మొదలెడుతున్నాను.
ఆ ఒక్కటైనా చేరుతుందని.

రాత్రి తొమ్మిదిన్నర. దీపం ఆర్పాను.
"ఒట్సో," అన్నాను,
నువ్వంటే, అనబోయాను.
"ఇంకో రొట్టె తినమంటావా? సరే,"
అని లేచి కూర్చున్నాడు.