స్థితి నివేదిక

ఢిల్లీబాబు లెక్క రోజుకి మూడొందల ఆకులు.
నా లెక్క నలభై, అదీ గాలి బాగుంటే.
ఈ డిసెంబరులో మెరీనా మీంచి వచ్చే గాలి
ఉప్పుచేపల మూట విప్పినట్టుంటుంది.
తేమ మీటరు ముల్లు డెబ్భై దాటగానే
తలుపు మూసి, కట్టలన్నిటికీ గుడ్డ కప్పి
ఊరికే కూర్చుంటాను.
"ఏంక్కా, పని లేదా?" అంటాడు.
ఇదే పని, బాబూ.
ముట్టుకోకుండా ఉండటం నేర్చుకోడానికి
పదకొండేళ్లు పట్టింది నాకు.

కట్ట నంబరు రెండు వేల నూట పద్నాలుగు.
చెక్కపలకల మధ్య ఆకులు అతుక్కుపోయి ఉన్నాయి,
పెళ్లింట్లో ఒకే చాప మీద
పడి నిద్రపోయిన పిల్లల్లా.
గట్టిగా లాగితే ఎవరో ఒకరు ఏడుస్తారు.
వెదురుపుల్ల చెక్కుకున్నాను, గోరుకన్నా పలచగా.
అంచున నిమ్మగడ్డి నూనె, రెండు చుక్కలు.
ఇక ఆగడమే.
ట్రిప్లికేను నుంచి నమాజు పిలుపు వచ్చి పోయింది.
చెపాక్ వంతెన మీద రైలు రెండుసార్లు వణికింది.
అప్పుడు, తనంతట తాను,
మొదటి ఆకు విడింది.

మా నాయన మింట్ వీధి మూల గొడుగులు బాగుచేసేవాడు.
కుట్టు కనపడకుండా వెయ్యమంటే
"దాచిన చిరుగు వానకే ముందు తెలుస్తుందమ్మా" అనేవాడు.
అందుకే నేను వేసే జపాను కాగితం అతుకు
ఒక ఛాయ తేడాగా ఉంచుతాను.
రేపొచ్చేవాళ్లకి తెలియాలి
ఆకు ఎక్కడ ఆగిందో, నేనెక్కడ మొదలయ్యానో.

లోపల మహాకావ్యమేమీ లేదు.
ఎద్దుల గాలికుంటుకి మందు,
ఎవరో పుల్లమ్మ ఇవ్వాల్సిన నువ్వుల బాకీ.
గొలుసుకట్టు రాత, తడవకోసారి తూలుతూ.
అంకె చివరి సున్నాని పురుగు తినేసి
అదే చోట ఇంకో సున్నా పెట్టింది.
బాకీ ఎంతో ఇక పుల్లమ్మే చెప్పాలి.

ఇరవై మూడో ఆకు, కుడి కొన.
రాత వరుస మధ్యలో తెగింది.
పక్కనే చిన్నగా గీసి ఉంది:
"చమురు లేదు. తక్కినది రేపు."
దాని కింద, మసి పూసిన చెయ్యి
పట్టుకుని వదిలేసిన చోట,
ఒక బొటనవేలు.
ఇరవై నాలుగో ఆకు లేదు.

పద్ధతుల పుస్తకం దీన్ని మురికి అంటుంది.
స్పిరిటు దూదితో ఒక్క తుడుపు చాలు.
దూది తీశాను కూడా, దాచడమెందుకు.
నా వేలు దాని మీదుగా, తగలకుండా,
వెంట్రుకవాసి ఎత్తులో పెట్టి చూశాను.
నాకన్నా చిన్న చెయ్యి.
దూది మళ్లీ సీసాలో పడేశాను.

ఢిల్లీబాబు చల్లటి దీపాల కింద ఆకు పరిచాడు.
తెర మీద అది గుమ్మమంత పెద్దదైంది.
పసుపు తెలుపయింది, వంకర సాపయింది.
మచ్చలు తీసే బొత్తాం నొక్కాడు.
వేలు పోయింది.
"ఎంత నీటుగా ఉందో చూడక్కా."
"వెనక్కి తే."
"అక్కా, టార్గెట్టు..."
"తే నాయనా."

నివేదికలో మరకల గడి రెండంగుళాలు.
అందులో పట్టేలా రాశాను:
ఆకు 23, కుడి కొన. మరక కాదు. తుడవకూడదు.
అతనికి తెలుగు మాటలొచ్చు, అక్షరాలు రావు.
ఆ చిన్న వరుస నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు.

సాయంత్రం రిజిస్టరు సంతకానికి తెరిస్తే
లెక్క ఎందుకు తగ్గిందో రాసే గడిలో
తమిళ అక్షరాల్లో, మా ఇళ్లలోని తెలుగు:
చమురు లేదు.