గడియారం బిళ్ల

ఫిషింగ్ హార్బర్ గేటు దాటాక మూడో షెడ్డు మాది.
వలతాళ్లు, ఇంజన్ బెల్టులు, గ్రీజు డబ్బాలు,
వాటి మధ్య మంగళవారం నుంచి ఒక సర్వరు.
డాబాగార్డెన్స్‌లో సెకండ్‌హ్యాండ్‌కి కొన్నాను.
"బ్యాంకులో చేసి రిటైరైంది మేడమ్" అన్నాడు అమ్మినవాడు,
ఎద్దు పళ్లు చూపించినట్టు వెనకున్న పోర్టులు చూపిస్తూ.

గౌరీశు వచ్చాడు. పెదగంట్యాడ కుర్రాడు,
వీపున బ్యాగు, పళ్ల మధ్య స్క్రూడ్రైవరు.
"రెండు గంటల పని" అన్నాడు.
ఇవాళ శుక్రవారం.

కౌంటరు కంప్యూటరు సర్వర్ని చూస్తుంది,
సర్వరు కౌంటర్ని చూడదు.
ఒకే వాకిట్లో ఎడమొహం పెడమొహమైన తోడికోడళ్లు.
మధ్య నీలం తీగ ఉంది, మాటల్లేవు.
ప్రింటరు దొరికిన పూట గోడౌను పోతుంది,
గోడౌను దొరికిన పూట కరెంటు పోతుంది.
యూపీఎస్సు పిచ్చుకపిల్లలా కీచుమని కీచుమని
ఏడో నిమిషంలో నోరు మూస్తుంది.

తీగ కొసన పిన్నులు పచ్చబడ్డాయి.
"ఉప్పుగాలి మేడమ్" అన్నాడు గౌరీశు,
తనే కనిపెట్టినట్టు.
నాయనా, ఈ గాలి
నా తలుపు గడియలు తింది, తూకపురాళ్లు తింది,
మూడేళ్లకో షట్టరు తింటుంది.
నీ తీగంటే దానికి మొహమాటమా?

పాస్‌వర్డుకి ఎనిమిది అక్షరాలు కావాలంది. ఇచ్చాను.
ఒక అంకె కావాలంది, ఒక గుర్తు కావాలంది.
మా ఆయన కూడా ఇన్ని అడగలేదు, ఇచ్చాను.
మర్నాడు పొద్దున్న
నా షాపులో, నా కరెంటు తింటూ,
నువ్వెవరంది.

నిన్న రాత్రి రెండున్నరకి మైలపల్లి వాళ్ల బోటు వెళ్లాలి.
ఎల్లాజీ వచ్చి నిలబడ్డాడు.
ఫిల్టర్లు రెండు, బెల్టు ఒకటి, తాడు నలభై కేజీలు.
తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది.
ఇంకా తిరుగుతోంది.
"చేప నీ మిషను కోసం ఆగదమ్మా" అన్నాడు.
ఎర్రట్ట పుస్తకం తీసి చేత్తో రాశాను.
దానికి నేనెవరో తెలుసు.

తెల్లారుజామున,
డాల్ఫిన్స్ నోస్ మీద దీపం ఇంకా తిరుగుతుండగా
గౌరీశు కేకేశాడు: "వచ్చింది!"
మూడు మిషన్లూ పలకరించుకున్నాయి.
మొదటి బిల్లు వెచ్చగా చేతిలోకొచ్చింది.
పైన తేదీ:
ఆగస్టు పన్నెండు, రెండువేల పద్నాలుగు.

"లోపల గడియారం బ్యాటరీ చచ్చింది మేడమ్,
అది పుట్టిన రోజుకి వెళ్లిపోయింది.
ముప్పై రూపాయల బిళ్ల, మార్చేస్తాను."

వేళ్లు మడిచి లెక్కేశాను.
ఆగస్టు. అంటే హుద్‌హుద్‌కి ఇంకా రెండు నెలలు.
అంటే ఈ పెట్టె లోపల
కైలాసగిరి మీద చెట్లు నిలబడే ఉన్నాయి,
జెట్టీ పక్క బోట్లు బోట్లుగానే ఉన్నాయి,
చోడిపల్లి బండియ్య బోటు నీళ్ల మీదే ఉంది.
పదిహేడు వేల మూడొందలు, అతని బాకీ,
నేనింకా గీత కొట్టెయ్యలేదు.
రేపో ఎల్లుండో వస్తాడు, చెవి మీద బీడీతో,
"ఈ ట్రిప్పుకి తీర్చేస్తాన్లే" అంటూ.

మొన్నామధ్య గాజువాకలో కనపడ్డాడు.
అపార్టుమెంటు గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో,
ఈలవేసి కార్లకి దారి చూపిస్తూ.
నన్ను చూసి లేచి నిలబడ్డాడు.
బాకీ గుర్తొచ్చి నిలబడ్డాడేమో,
నేను గీత కొట్టేసినట్టు అతనికి తెలీదు.
చెప్పలేకపోయాను.

బిళ్ల మార్చాడు గౌరీశు.
తేదీ సరిచెయ్యమంటారా అని మిషను అడిగింది.
బయట ఐసు దంచే చప్పుడు మొదలైంది.
"ఓకే కొట్టండి మేడమ్."
"ఉండరా.
నాలుగు రోజులు దానికోసం నేను కూర్చున్నాను,
నాకోసం అదొక నిమిషం కూర్చోకూడదా?"

కూర్చుంది.
తర్వాత కొట్టాను.

ప్రింటరు కనబడటం లేదంది.