ఇడ్వల్ ఇవ్వని తాడు

బ్రెకన్ కొండల కింద
వాన ఆగీ ఆగని మార్చి పొద్దున
ఇడ్వల్ షెడ్డు తలుపు బార్లా తీసి
"కావలసింది ఏరుకో, టెస్నీ" అన్నాడు.
ముప్పైయొక్క ఏళ్లు చెట్లెక్కిన మనిషి.
మోకాళ్లు ఇక రామన్నాయి.

అప్పటికి నాకు తాడూ లేదు, బొంగరమూ లేదు.
హెల్మెట్ ఒకటుంది, తమ్ముడి సైకిలుది.
ఆయన నవ్వలేదు.
దాన్ని గొర్రెల దాణా డబ్బాలో పడేసి
"ఇది కింద పడేవాళ్లకి.
నీకు కావలసింది మీద పడేవాటికి" అన్నాడు.

కారబైనర్లు మేకులకు వేలాడుతున్నాయి.
ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని
ఎత్తి, తిప్పి, తెరిచి, వదిలాడు.
దానంతటదే మూసుకోవాలి. టక్కుమనాలి.
రెండు గొణిగాయి.
ఆ రెంటినీ కిటికీలోంచి ముళ్లపొదలోకి విసిరాడు,
ఎవరి మీదో కోపం ఉన్నట్టు.

హార్నెస్ తొడిగి నన్ను దూలానికి వేలాడదీసి
తాపీగా టీ కాచుకున్నాడు.
"కొట్లో నిలబడి చూస్తే అన్నీ సరిపోతాయి.
నడుము నిజం చెప్పడానికి ఇరవై నిమిషాలు పడుతుంది."
పదిహేను నిమిషాలకే ఎడమ తొడ తిమ్మిరెక్కింది.
ఆ పట్టీలు ఆయన ఒంటి మడతలే నేర్చుకున్నాయి.
"వద్దులే. అప్పు చేసైనా నీ కొలతది కొనుక్కో."

ముళ్ల బూట్లడిగితే మొహం ముడిచాడు.
"అవి కూల్చేసే చెట్టుకి.
బతకాల్సినదాన్ని పొడుచుకుంటూ ఎక్కి
పైకెళ్లి వైద్యం చేస్తావా?"

కూర్చున్న కొమ్మ నరుక్కునేవాణ్ణి చూసి లోకం నవ్వుతుంది.
మాకది రోజుకూలి.
రంపం పన్నెక్కడ, నడుముకు చుట్టిన పొట్టి తాడెక్కడ,
ఆ జానెడు జాగాలో ఉంటుంది
మాకున్న తెలివంతా.

చివరికి మూలనున్న నీలం సంచీ విప్పాడు.
నలభై అయిదు మీటర్ల తాడు,
ఒకప్పుడు నారింజ రంగు.
"చేతి తొడుగులు తియ్యి. కళ్లు మూసుకో. వేళ్లతో చదువు."

చదివాను.
ఇక్కడ పైన్ బంక.
ఇక్కడ రంపం నాకి వదిలిన పీచు.
ఇక్కడ ముడి రాపిడికి కాలి
గాజులా గట్టిపడిన వేలెడు.
ముప్పైయో మీటరు దగ్గర
పై అల్లిక బాగానే ఉంది, లోపలే ఏమీ లేదు.
పసిబిడ్డ మాడులా మెత్తన.

"దొరికిందా?"
"ఆఁ."
"నాకు రెండేళ్ల కిందట దొరికింది."

ఆ రెండేళ్లలో ఎన్ని చెట్లెక్కాడో
నేనడగలేదు.
టీ చల్లారిపోయింది.

మొద్దు మీద పెట్టి బారెడు బారెడు కోశాడు.
"పోయిన తాడు పోయినట్టు కనబడాలి.
లేకపోతే ఎవరో ఒకరు నమ్ముతారు."
ఒక ముక్క కుక్క మెడకి, ఒకటి గేటుకి.
మిగిలినవి పొయ్యిలో వేస్తే కంపు కొట్టాయి.

*

నిన్న ప్రోథరో వాళ్ల పొలంలో యాష్ చెట్టు.
ఈ తెగులు కొన దగ్గర మొదలై కిందికి దిగుతుంది.
సీసం గుండ్ల సంచీ విసిరాను,
మూడోసారికి పంగలో పడింది.
నా కొత్త తాడు పైకి లాగి
నేనూ, కింద పనిచేసే కుర్రాడు గెథినూ
ఇద్దరం కలిసి వేలాడి గుంజాం.

కొమ్మ ఊగలేదు.
అది మంచి కబురు కాదు.
పటుక్కున చిటికెన వేలంత పుల్లొకటి
నా బూటు ముందు రాలింది,
చెమ్మ లేని సుద్దముక్క.

ప్రోథరో గారు వాకిట్లోంచి అరిచింది:
"ఎక్కవా? దీనికేనా ఇంత సరంజామా?"
"ఎక్కను. బుట్ట లారీ తెప్పించండి."
ఆ రోజు కూలి పోయింది.
గెథిన్ చెట్టు వంకా నా వంకా చూసి
గుండ్ల సంచీ చుట్టడం మొదలెట్టాడు.

తాడు దింపుకుని, తొడుగులు తీసి
మొదటి మీటరు నుంచి చదువుకుంటూ
సంచీలోకి వదిలాను.
ఇంకా కొట్టు వాసనే వేస్తోంది.
ముప్పైయో మీటరు దగ్గర
వేళ్లు వాటంతటవే ఆగాయి.